అవ్వ పట్టి చూసిన పది బారలు

మొన్న మా వీధి మొగదలలో ఒక జీపు వచ్చి ఆగింది. ఆగక తప్పదు. ధర్మవరంలో మా వీధిన పొద్దున పూట పడుగు సాగదీసి ఉంటే జీపైనా ఆగాలి, జిల్లా కలెక్టరైనా ఆగాలి. ఈ కొస నుంచి ఆ కొసకు పట్టుపోగులు బిగించి, ఇంటికొకరు చొప్పున వచ్చి నిలబడి వాటిని విడదీస్తూ ఉంటారు. తెలియనివాళ్ళు దాటబోయి తిట్లు తింటారు. జీపులోంచి దిగిన మనిషి దాటలేదు. చెప్పులు చేతబట్టుకుని, వెనక సందులోంచి చుట్టూ తిరిగి మా అరుగు దగ్గరికి వచ్చాడు. తల సగం నెరిసింది. భుజాన తోలుసంచి. వెనకాల ఇరవై ఏళ్ళ పిల్లలు ముగ్గురు. తలుపుల అనే ఊరి దగ్గర రాళ్ళు కొట్టేవాళ్ళ ఇంటి అబ్బాయి ఒకడు, నంబులపూలకుంట నుంచి గొర్రెలవాళ్ళ అబ్బాయి ఇంకొకడు, వేరుశనగ చేలల్లో చెనిక్కాయల కూలికి పోయే తల్లికి పుట్టిన అమ్మాయి ఒకతె. కెమెరా ఆ అమ్మాయి చేతిలో ఉంది.

"ఏమప్పా నారాణప్పా, బాగుండావా?" అన్నాడతను.

బాగానే ఉన్నాను, ఆ మాట వినేంతవరకు.

ఆ మనిషి ఓబులేసు. పెద్ద సినిమాకు ముందు వేస్తారే చిన్న సినిమాలు, కరువు మీదా, బావులు తవ్వేవాళ్ళ మీదా, బొగ్గుగనుల మీదా, అవి తీస్తాడు. జనం అప్పుడు బీడీలకని బయటికి పోతారు. నేను పోను. హిందూపురం టాకీసులో ఒకసారి తెర మీద అతని పేరు చూశాను. పేరు మూడు క్షణాలు ఉంది. నాకు మూడు రోజులు అన్నం దిగలేదు. ఇప్పుడు తనలాంటివాళ్ళను, అంటే ఇంట్లో కెమెరా మాట అటుంచి అద్దమైనా సరిగా లేనివాళ్ళను, ఊరూరా వెతికి పట్టుకుని నేర్పుతున్నాడట. వాళ్ళకు పాతకాలం సంగతులు నా నోటితో చెప్పించాలని తీసుకొచ్చాడు. చెప్పాను. ఏం చెప్పానో తర్వాత రాస్తాను. ముందు చెప్పనిది రాయాలి.

నా గురించి ఈ వీధిలో ఎవరినడిగినా ఒకటే మాట. నారాణప్ప మాటల్లో సగం తీసేసి, మిగిలిన సగంలో సగం నమ్మమంటారు. పెనుకొండ కొండ మీద చిరుతపులికి నేను బొరుగులు పెట్టి మచ్చిక చేసుకున్న కత, హిందూపురం దగ్గర రైలింజను మొరాయిస్తే మా అవ్వ పట్టుదారం కట్టి స్టేషను దాకా లాక్కొచ్చిన కత, ఇవన్నీ నేనే పుట్టించి నేనే పెంచినవి. వాటివల్ల ఎవరికీ ఏమీ పోలేదు. ఇంజను మాత్రం కొంచెం సిగ్గుపడి ఉంటుంది.

అప్పట్లో మా ఇల్లు వాసనలతో నిద్రలేచేది. పచ్చిపట్టును సబ్బునీళ్ళలో ఉడకబెడితే వచ్చే పుల్లటి నీచువాసన, దాని మీదుగా రాగిసంగటి కెలికే వాసన, ఆ పైన రోట్లో ఊరుబిండి పచ్చడికి దంచే చెనిక్కాయల వాసన. ఈ మూడూ కలిసి నా ముక్కులో ఎంత నాటుకుపోయాయంటే, ఈ రోజుకీ చెనిక్కాయలు వేగుతుంటే పక్కన ఎక్కడో పట్టు ఉడుకుతోందని వెతుక్కుంటాను. నాయన తెల్లవారగానే మగ్గం గుంటలోకి దిగేవాడు. నేలలో నడుము లోతు గుంట, అందులో కాళ్ళు వదిలి కూర్చుంటే మగ్గం నేలమట్టానికి ఉంటుంది. గుంటలోకి దిగినాక ఆయన మాట్లాడడు. కోపమొస్తే, పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె విసురు మారేది. ఆ చప్పుడును బట్టి అమ్మ సంగటి వడ్డించాలో, ఇంకాసేపు ఆగాలో తెలుసుకునేది.

ఇంటికి యజమాని నాయన అని ఊరు అనుకునేది. దారానికి యజమాని అవ్వ. నాయనకు తల్లి, నాకు అవ్వ, వీధిలో సగం మందికి కూడా అవ్వే. మనుషుల ముఖాలు ఆమెకు సరిగా ఆనేవి కావు, నన్ను పట్టుకుని పక్కింటివాడి పేరుతో పిలిచేది. దారం మాత్రం ఆమె కన్ను తప్పించుకోలేదు. మా ఇంట్లోకి ఏ దారం వచ్చినా, తెచ్చింది షావుకారైనా సొంత అన్నైనా, అవ్వ చూడందే అది మగ్గమెక్కకూడదు. పొద్దుటి ఎండ గడప మీద పడేవేళకు ఆమె వచ్చి కూర్చునేది. రెండు చేతులూ చాచి ఒక బార తీసేది. ఎండకు పట్టి చూసేది, వేళ్ళ మధ్య జార్చేది, కింది పెదవికి ఆనించేది. అట్లా పది బారలు. తొమ్మిది కాదు, పదకొండు కాదు. "మోసం చేసేటోడు పై బారలు మంచివి పెడతాడు రా. పది సూడాల, అప్పుడు గానీ దారం లడి గుణం తెలీదు" అనేది. ఒకసారి ఏడో బారలో నకిలీపట్టు కలిసిందని పట్టేసి, వచ్చిన వర్తకుణ్ణి గడప కూడా ఎక్కనీయకుండా తిప్పి పంపింది. చూడడం అయిపోయాక ఎట్లా ఉన్నది అట్లా చుట్టిపెట్టేది. విప్పినట్టు ఆ దారానికి కూడా తెలిసేది కాదు.

ఇట్లాంటి ఇంట్లోకి వచ్చాడు ఓబులేసు. నల్లచెరువు దగ్గర పల్లె. వానలు లేక మంద కరిగిపోయి, తల్లికి నాలుగు గొర్రెలు వదిలిపెట్టి, ఒక కంబళి భుజాన వేసుకుని పనికి వచ్చాడు. నా ఈడువాడే, మా ఇద్దరికీ మీసాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. అతనివి ముందు వచ్చాయి, అది కూడా నాకు గుర్తే. ఏడాది తిరగకముందే మగ్గం పట్టాడు. అవ్వ అతని సంగటిముద్దకు మధ్యలో గుంట చేసి నెయ్యి పోసేది. నా ముద్దకూ పోసేది, కానీ అతని గుంట లోతు. నేను కొలిచాను. ఇక నాయన, ఆ ఏడాది మొత్తానికి ఆయన నోటి నుంచి వచ్చిన పెద్ద మాట ఒకటే, "వాని చెయ్యి మంచిది." అది నా చెయ్యి గురించి కాదు.

రంగనాథం సారు మా ఇంటికి రావడం ఆ తర్వాత. ఆయన పెనుకొండవాడే, ఇరవై ఏళ్ళు మదరాసులో సినిమా కెమెరాల దగ్గర పనిచేశాడు. యుద్ధంలో బాంబులు పడతాయని మదరాసు ఖాళీ అయినప్పుడు ఒక పెట్టెతో సొంతూరు చేరాడు. పెట్టెలో చంకలో పట్టేంత చిన్న కెమెరా, గడియారానికిచ్చినట్టు తాళం చెవితో తిప్పి కీ ఇచ్చేది. ఒక ప్రొజెక్టరు, కొన్ని ఫిలిం డబ్బాలు. పెళ్ళాం బిడ్డలు లేరు. ఒక పిచ్చి మాత్రం ఉంది. ఒకరోజు మా అరుగు మీద కూర్చుని నాయనతో ఆ పిచ్చి చెప్పాడు.

"మగ్గమోళ్ళ బొమ్మ ఇంతవరకూ మగ్గమోడు తీయలేదప్పా. గొర్రెలోళ్ళ బొమ్మ గొర్రెలోడు తీయలేదు. తీసినోళ్ళంతా కారులో వచ్చి కారులో పోయినోళ్ళే. మనోడు తీస్తే ఎట్లుంటాదో చూసి చావాలని నాకు ఆశ. కూలి మానాల్సిన పని లేదు. అమావాస్యకు మగ్గాలకు సెలవే కదా, ఆ పొద్దు పంపియ్యండి. రైలుకు, తిండికి నేను చూసుకుంటా."

నాడె ఒకసారి ఆగి మళ్ళీ కదిలింది. అంటే సరే అని.

చేతులు చూపించమన్నాడు సారు. కాయలు కాచిన చేతులే కావాలట. ఈ సంగతి నాకు ముందే తెలిసి, పొద్దుననగా అరచేతులు రుబ్బురోలుకు రుద్ది పెట్టుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని వెలుతురుకు తిప్పాడు. "ఇదేమబ్బా, ఈ కాయ వయసు గంటన్నర మాదిరి ఉండాది?" అన్నాడు. వీధంతా నవ్వింది. తర్వాత ఓబులేసు చెయ్యి చూసి, చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు. చివరికి, "ఇద్దరూ రండి. అబద్ధమాడేటోనికి కూడా కన్నుంటాది" అన్నాడు. నేను ఆ రెండో వాక్యాన్నే అందరికీ మెప్పుగా చెప్పుకున్నాను.

ఆరు నెలలు కెమెరా ముట్టనివ్వలేదు. అడుగు తీసేసిన ఖాళీ అగ్గిపెట్టె ఇచ్చి, దానిలోంచి లోకాన్ని చూడమన్నాడు. పెనుకొండ కోటగోడ నీడలో కూర్చుని, ఆయనే వండిన చిత్రాన్నం తింటూ, చూసింది చెప్పాలి. నేను చెప్పేదానికి సారు పడీపడీ నవ్వేవాడు. ఓబులేసు చెప్పేదానికి నవ్వేవాడు కాదు, లేచి వెళ్ళి తన కళ్ళతో చూసి వచ్చేవాడు. నవ్వించినవాణ్ణి నేను, లేపినవాడు అతను. తేడా ఏమిటో ఆ వయసుకే నాకు తెలిసింది. తెలియకపోతే బాగుండేది.

ఒకసారి మమ్మల్ని హిందూపురంలో టెంటు సినిమాకు తీసుకుపోయాడు. అసలు ఆటకు ముందు యుద్ధం బొమ్మలు వేశారు. "దుడ్లు పెట్టింది డాన్సుకప్పా, ఈ తుపాకులు ఎవనికి గావాల?" అని వెనక నుంచి ఒక బెల్లం వ్యాపారి అరిచాడు. అందులోనే ఒక చేనేత తునక. తెల్లటి బట్టల్లో మగ్గం నేస్తూ, పళ్ళన్నీ చూపించి నవ్వుతున్న మనిషి. నాకు చాలా నచ్చింది, నేనూ అట్లాగే తీయాలనుకున్నాను. ఓబులేసు చెవిలో గొణిగాడు, "సార్, ఆయప్ప కాళ్ళు కదల్లేదు సార్. తొక్కకుండా యాడైనా నేస్తారా?" సారు చీకట్లోనే అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఆట అయ్యేదాకా అక్కడే ఉంది. నేను ఆ ఆట చూడలేదు, ఆ చెయ్యినే చూశాను.

చివరికి సారు అసలు సంగతి చెప్పాడు. బొంబాయిలో, ఉన్నది ఉన్నట్టు చూపే చిన్న సినిమాలు తీసే చోట ఆయన స్నేహితుడున్నాడు. పని నేర్చుకోవడానికి ఒక్కణ్ణి తీసుకుంటానన్నాడు. ఒక్కణ్ణే. యుద్ధంవల్ల ఫిలిం ఎక్కడా దొరకడంలేదు, తన దగ్గర రెండు డబ్బాలే మిగిలాయి. తలా ఒకటి. ఒక్కో డబ్బా మూడు నిమిషాలకు కొంచెం తక్కువ. ఎవరిది బాగుంటే వాళ్ళ చేతికి బొంబాయి ఉత్తరం.

కెమెరా ఒకటే కాబట్టి నేను ముందు తీశాను. మిద్దె ఎక్కి వీధంతా కనపడేట్టు తీశాను. నాయన ఒప్పుకోకపోతే పక్కింటాయనకు జరీ తలపాగా చుట్టి మగ్గంలో కూర్చోబెట్టి, రాణిగారికి చీర నేస్తున్నట్టు ముఖం పెట్టమన్నాను. వాన కావాలనిపించి మిద్దె మీద నుంచి కడవలతో నీళ్ళు పోయించాను. ధర్మవరంలో ఆ ఏడు పడిన వాన అదొక్కటే. ఒకే పొద్దులో డబ్బా అయిపోయింది.

ఓబులేసు పదిరోజులు కెమెరాకు కీ కూడా ఇవ్వలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం మిద్దె మీది గవాచి మూత తీయించి, అందులోంచి పడే వెలుతురుకు అద్దమొకటి అడ్డం పెట్టి, నా మగ్గం గుంటలోకి దిగాడు. కెమెరా నేల మీద ఆనించి, ఎదురు గుంటలో ఉన్న నాయన కాళ్ళ వైపు కిందికి వంచి పెట్టాడు. రోజూ నేను కూర్చునే గుంట అది. అందులోంచి ఏం కనపడుతుందో నాకు తెలియదు. ఎప్పుడెప్పుడు లేద్దామా అని నేను వాకిలి వైపే చూసేవాణ్ణి. అట్లా కొంత తీసి, మిగిలిన ఫిలింతో రెండురోజులు తన పల్లెకు పోయివచ్చాడు. గొర్రెల్ని తీసుంటాడనుకున్నాను. అడగలేదు. అడిగితే అతను చెబుతాడు, చెబితే బాగుందని నేను అనాల్సి వస్తుంది. కంబళి ముసుగులో కూర్చుని ఫిలిం చుట్టను తీసి, నల్లకాగితంలో చుట్టి, డబ్బాలో పెట్టి, మూత చుట్టూ పట్టీ అంటించి, మగ్గం గది గూట్లో పెట్టాడు. పొద్దున్నే పెనుకొండ రైలెక్కే ముందు చిత్రావతికి స్నానానికి పోయాడు.

గడప మీదికి ఎండ వచ్చింది. అవ్వ వచ్చింది.

"ఈ డబ్బీ ఎవురు పెట్టినారు రా ఈడ? యా షావుకారి దారం ఇది?" అంది గాలితో మాట్లాడినట్టు. అమావాస్య సెలవే అయినా నేను గుంటలో కాళ్ళు వదిలి ఊరికే కూర్చుని ఉన్నాను. నాయన సంతకు పోయాడు. ఆమె డబ్బా చేతిలో ఆడించి చూసింది. పట్టీని గోటితో నెమ్మదిగా, చిరగకుండా తీసింది. నల్లకాగితం విప్పింది. చుట్టను ఒళ్ళో పెట్టుకుని, కొస దొరకబుచ్చుకుని, రెండు చేతులూ చాచింది.

వెలుతురు తగిలితే ఫిలిం చచ్చినట్టేనని సారు మాకు వందసార్లు చెప్పాడు. "అవ్వా, వద్దు." రెండు మాటలు. పులికి బొరుగులు పెట్టిన నోరు నాది. మొదటి బార ఎండలో మెరిసింది. ఇప్పుడు చెప్పినా ఒక్క బారే పోతుందనుకున్నాను. రెండో బారకు, రెండే కదా అనుకున్నాను. మూడోదానికి నాకు హిందూపురం టెంటులో అతని భుజం మీది చెయ్యి గుర్తొచ్చింది. నాలుగోదానికి నెయ్యిగుంట. ఐదు తర్వాత నేనేమీ అనుకోలేదు, లెక్కపెట్టాను. ఆమె ప్రతి బారనూ ఎండకు పట్టింది, వేళ్ళతో జార్చింది, పెదవికి ఆనించింది. పది.

"ఇదేం పట్టు రా! ఒక పక్క జిగి, ఒక పక్క మసక. పెదానికి సల్లగా తగల్తాండాది. ఇది మనకు పనికిరాదు, ఎవురిదో వాళ్ళకు ఇచ్చేయమను" అంది. ఎట్లా ఉన్నది అట్లా చుట్టింది, కాగితం మడత తప్పకుండా పెట్టింది, పట్టీకి రవ్వంత గంజి రాసి అంటించింది. ఓబులేసు తడితలతో వచ్చి, ఆ డబ్బాను గుండెకు ఆనించుకుని, "పోదామా నారాణప్పా?" అన్నాడు. పోయాం. రైల్లో చెనిక్కాయలు ఒలిచి సగం నాకు పెట్టాడు. తిన్నాను కూడా.

మరుసటి అమావాస్యకు సారు రెండు చుట్టలూ మందునీళ్ళలో కడిగి సిద్ధం చేశాడు. ఓబులేసు పట్టుబట్టి అవ్వను కూడా తీసుకొచ్చాడు, "నీ ఇంటి బొమ్మ నువ్వు సూడకపోతే ఎట్ల అవ్వా" అని. కిటికీలకు అతని కంబళి, సారు దుప్పట్లు కట్టి పట్టపగలు చీకటి చేశారు. ముందు నాది వేశారు. తలపాగా, వాన, అన్నీ వచ్చాయి. అవ్వ, "మిద్దె మింద నుంచి నీళ్ళు పోస్తాండేది ఎవుర్రా? సంపులో మిగిలినాయా లేదా?" అంది. సారు, "బాగుండాది. నాటకాల కంపెనీలో చేరు, పేరొస్తాది" అన్నాడు.

తర్వాత ఓబులేసుది. నేలమట్టం నుంచి నాయన పాదాలు. తొక్కే పలక మీద బొటనవేలు ఒకటే ముందు కదులుతుంది, తర్వాత తక్కిన పాదం. పైన వణికే పోగులు, వాటి మధ్య నుంచి నాయన ముఖం. ఆ ముఖంలో ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు, పెదాలు కదులుతున్నాయి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి గుంటలో నోరెత్తడనుకున్న మనిషి, లోపల్లోపల అంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు. నేను ఆయన కొడుకును, ఎదురుగుంటలో కూర్చునేవాణ్ణి. నేను చూడలేదు. ఒక్క నిమిషం అట్లా నడిచి, తెర తెల్లబడింది. ప్రొజెక్టరు టకటకమని తిరుగుతూనే ఉంది, తెర మీద ఉత్త వెలుతురు. ఓబులేసు లేచి నిలబడ్డాడు. అతని నీడ ఆ తెలుపు మీద పడింది.

"డబ్బా తెరిచినావా?" అన్నాడు సారు.

"లేదు సార్."

సారు ఆ చుట్టను ప్రొజెక్టరులోంచి తీసి, కొస లాగి కిటికీ దగ్గర పట్టుకున్నాడు. అవ్వ ఆ రిబ్బను చూసింది. తర్వాత తన వేళ్ళు చూసుకుంది. తర్వాత నన్ను చూసింది. ఆ ఒక్కసారీ నన్ను పక్కింటివాడనుకోలేదు.

అప్పుడు నా నోరు లేచింది. అవసరమైన రోజు రానిది, అక్కర్లేని రోజు వరదలా వచ్చింది. రైల్లో ఓబులేసు కునుకు తీస్తుంటే ఒక మిలిటరీ మనిషి వచ్చాడని, మీసాలు చెవుల దాకా ఉన్నాయని, బాంబేమో అని డబ్బా లాక్కుని తెరిచాడని, నేను కాళ్ళు పట్టుకున్నానని, బూటుతో తోశాడని చెప్పాను. మోకాలి మీద పాత గాయం ఒకటి ఉంటే అది కూడా చూపించాను. సారు నమ్మాడు. ఓబులేసు ఖాళీ డబ్బాకు మూత పెట్టాడు. అవ్వ చివరిదాకా విన్నది. ఆమెకు పాపం చాలా నామోషీగా ఉండి నోరు విప్పలేదనుకుని, నేను ఆమెను కాపాడినట్టు కూడా అనుకున్నాను. తిరుగు రైల్లో ఆమె నా పక్కన కూర్చోలేదు, ఓబులేసు పక్కన కూర్చుంది.

ఉత్తరం ఎవరికి ఇచ్చాడంటారా? నా మూడు నిమిషాలను పెట్టెలో పెట్టి, అతని ఒక్క నిమిషాన్ని బొంబాయికి పంపాడు. "మిగతాది తెల్లగుండాదంటే అది యుద్ధం చేసిన పని, వీడు చేసింది కాదు" అని రాశాడట. అంత పాపం చేసి కూడా ఓడిపోయాను. ఓబులేసు బయల్దేరే ముందు ఆ వేసవిలో నల్లచెరువు వైపు వాంతిభేది వచ్చి వాళ్ళమ్మ పోయింది. దినాలు చేసి, గుండుతోనే రైలెక్కాడు. ఆ గుండు కూడా బొంబాయిలో కొత్త ఫ్యాషనై ఉంటుందని నేను కుళ్ళుకున్నాను. ఈర్ష్య మనిషిని ఎంత తెలివితక్కువవాణ్ణి చేస్తుందో చూడండి.

రంగనాథం సారు యుద్ధం అయిపోయాక ఎంతోకాలం లేడు. అవ్వ కూడా పోయింది. ఇప్పుడు మా ఇంట్లో గడప మీద కూర్చుని పది బారలు చూసేవాళ్ళు లేరు, చీటీ మీద రాసిన నంబరు చూసి నమ్ముతాం. అప్పట్లో ఒక మనిషికి జీవితం మొత్తానికి ఒక డబ్బా ఫిలిం, రైలుఖర్చు, చిత్రాన్నం. ఓబులేసు వెంట వచ్చిన ఈ పిల్లలకు తలా ఆరు డబ్బాలట. పాడైతే ఇంకొకటి ఇస్తాడట. పాడు చేసినవాణ్ణి తిట్టడట కూడా. ఆ మాట వినగానే ఆ ముగ్గురి మీదా నాకు వేరువేరుగా కుళ్ళు పుట్టింది.

మొన్న నేను వాళ్ళకు చెప్పింది మిలిటరీవాడి కతే. పాతికేళ్ళలో ఆ కత బాగా బలిసింది, వాడికిప్పుడు రెండు తుపాకులు, ఒక కుక్క. పిల్లలు పొట్టపట్టుకుని నవ్వారు. ఓబులేసు కూడా నవ్వవలసిన చోటల్లా నవ్వాడు. వాళ్ళు కెమెరా సర్దుకుని జీపు వైపు పోయాక, అతను అరుగు మీదే ఉండిపోయాడు.

"కుక్క కొత్తది కదప్పా?" అన్నాడు.

"ఊ."

"బాగుండాది. ఉండనీ. అవ్వ నాకు ఆ పొద్దే చెప్పింది, రైల్లో. నా చేతులు పట్టుకుని ఏడ్చె. నువ్వు గుంటలో ఉన్న్యావని కూడా చెప్పింది."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదబ్బా?"

"అడిగితే నువ్వు ఇంకో కత చెప్తావు." కోపం లేదు ఆ గొంతులో. నన్ను బాగా ఎరిగిన మనిషి గొంతు అది. "ఆ తెల్లగా పోయిన దాంట్లో మాయమ్మ ఉండె. గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూసోనింది. నవ్వొద్దంటే నవ్వింది. ఇంకే బొమ్మా లేదు ఆమెది, యాడా."

నేను గొర్రెలనుకున్నానని చెప్పబోయి మానుకున్నాను.

"ఒకటి అడుగుతా, చెప్తావా?" అన్నాడు. "అవ్వ బారలు తీస్తాండంగ నువ్వు ఎండలో సూసినావు కదా. దాని మింద మాయమ్మ ఏమైనా కనపడిందా? కడగని ఫిలిం మింద కనపడదు, నాకు తెలుసు. ఎంతమందికి నేర్పించినాను ఆ మాట. అయినా నిన్ను అడగాలని ఇన్నేళ్ళూ అనుకుంటాండా."

కనపడింది, నవ్వుతోంది, గొర్రెపిల్ల చెవులు కూడా కనపడ్డాయి. ఇదంతా నా నాలుక చివర సిద్ధంగా ఉంది. ఇంతకంటే నమ్మించగల అబద్ధం నా జీవితంలో నాకు దొరకలేదు, ఇంతకంటే నమ్మాలని ఆశపడ్డ మనిషీ దొరకలేదు. అతను నా ముఖమే చూస్తున్నాడు.

"లేదబ్బా" అన్నాను. "బూడిదరంగు రిబ్బను. అంతే."

తల ఊపాడు. తోలుసంచి భుజానికి తగిలించుకుని, చెప్పులు చేతబట్టుకుని, వచ్చిన సందులోంచే నడిచాడు. జీపులో పిల్లలు ముగ్గురూ జరిగి అతనికి మధ్యలో చోటిచ్చారు. ఆ అమ్మాయి ఏదో అడిగింది, అతను చేతులు రెండూ చాచి, ఇంత, అని ఏదో చూపించి చెప్పసాగాడు. ఏం చెబుతున్నాడో నాకు వినపడలేదు. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. నా మాట అట్లా ఎవరూ వినలేదు.